గ్రీజు కొట్టాల్సింది పొద్దుగూకినాక

వరికోతలు ముగిసే రోజుల్లో ఏ ఊళ్లో మెకానిక్ షెడ్డు ముందు చూసినా పాత బేరింగులు నాలుగైదు పడి ఉంటాయి. వాటిలో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, గుడ్డతో తుడిచి, లోపలి గాడిని వెలుతురుకు పెట్టి చూడండి. గుండ్లు దొర్లే ఆ గాడి అద్దంలా మెరవాలి. చాలావాటిలో మెరవదు. మసకబారి, ఇసుకతో తోమిన పాత గిన్నె అడుగులా ఉంటుంది. ఇంకొంచెం దగ్గరగా పరికిస్తే గోధుమరంగు తుప్పు మచ్చలు కనిపిస్తాయి. ఒక్కోసారి ఆ మచ్చలు ఎక్కడపడితే అక్కడ ఉండవు, వరుసగా, ఒకే ఎడంలో ఉంటాయి. ఆ ఎడాన్ని పుల్లతో కొలిచి చూస్తే పక్కపక్క గుండ్ల మధ్య ఎంత దూరమో అంతే తేలుతుంది. గుండ్లు తిరుగుతుండగా పడిన మచ్చలైతే గాడి చుట్టూ ఒకేలా పరుచుకుని ఉండేవి. ఇవి అలా పడినవి కావు. యంత్రం ఆగి, గుండు ఒకేచోట కదలకుండా కూర్చున్నప్పుడు, దాని పక్కన చేరిన తడి రాత్రంతా ఉక్కును తిన్న గుర్తులు. ఆ బేరింగు పని చేస్తూ పాడవలేదు, పని దిగి నిలబడ్డాక పాడైంది. అందుకే నేను ఈ పూట ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. నల్లగొండ, పాలమూరు పొలాల్లో తిరిగే యంత్రాలకు గ్రీజు కొట్టాల్సిన వేళ పొద్దున కాదు, పొద్దుగూకినాక. సీజను మొదట్లో కొట్టే గ్రీజు కన్నా సీజను చివర కొట్టే గ్రీజు ముఖ్యం. మనలో చాలామంది చేస్తున్నది దీనికి తలకిందులుగా ఉంది.

ఈ మాట ఈ నేలకే ఎందుకు ఇంత గట్టిగా వర్తిస్తుందంటే, ఇక్కడ ఒకటి రెండు తరాల్లోనే పొడి వ్యవసాయం తడి వ్యవసాయమైంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పరుచుకుంది, దాని వెంట రైసు మిల్లులు వచ్చాయి. పాలమూరులో జూరాల, ఆ తరవాత కల్వకుర్తి, నెట్టెంపాడు ఎత్తిపోతలు వచ్చి, జొన్న, ఆముదం, వేరుశనగ పండిన చల్కల్లో కూడా మడులు కట్టారు. దుమ్ములో తిరిగిన బండి చక్రం పోయి, మోకాలి లోతు బురదలో తిరిగే చక్రం వచ్చింది. కరిగెటకు కేజ్‌వీల్స్ తగిలించిన ట్రాక్టరు, కోతకు టైరు మిషను, టైరు దిగబడే చోట చైను మిషను. ఈ చైను మిషను కింద టైర్లు ఉండవు. వెడల్పాటి రబ్బరు పట్టా ఉంటుంది. దాన్ని ఒక పళ్లచక్రం లాగుతుంది, లోపల వరుసగా చిన్న రోలర్లు మిషను బరువు మోస్తాయి. ప్రతి రోలరులో బేరింగు, ప్రతి బేరింగు పక్కన ఒక సీలు. కెనడాలో మంచు మీద నడిచే స్నోమొబైలు కూడా ఈ కుటుంబానిదే. క్యుబెక్‌లోని వాల్కూర్‌లో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే 1937లో పళ్లచక్రంతో తిరిగే పట్టాకు పేటెంటు తీసుకున్నాడు. 1959లో ఆయన కంపెనీ స్కీడూ అనే చిన్న బండిని తెచ్చింది. అక్కడ మంచు కరిగిన నీళ్లు, ఇక్కడ మడిలోని బురదనీళ్లు. బేరింగుకు పట్టే రోగం ఒకటే. అక్కడివాళ్లు చలికాలం ముగియగానే, బండిని షెడ్డులో పెట్టే ముందే గ్రీజు కొడతారు. మళ్లీ మంచు పడేదాకా ఆగరు. ఆ అలవాటు మనకూ కావాలి.

ముందు ఒక లెక్క చూద్దాం. బేరింగు ఎంతకాలం రావాలో చెప్పే సూత్రాన్ని లుండ్‌బెర్గ్, పామ్‌గ్రెన్ అనే ఇద్దరు స్వీడన్‌వాళ్లు 1947లో ప్రచురించారు. ఇవాళ్టికీ బేరింగు కంపెనీల పుస్తకాలకు మూలం అదే. మన షెడ్లలో అందరికీ తెలిసిన 6205 బేరింగునే తీసుకుందాం. చివరి రెండంకెలను అయిదుతో హెచ్చిస్తే లోపలి రంధ్రం కొలత, అంటే 25 మిల్లీమీటర్లు. దాని సామర్థ్యం సుమారు 1,400 కిలోల బరువుకు సమానం. అంత బరువు పెట్టినా నూటికి తొంభై బేరింగులు పది లక్షల చుట్లు తిరుగుతాయని దాని అర్థం. బరువు సగానికి తగ్గితే ఆయుష్షు ఎనిమిదింతలు పెరుగుతుంది. పదో వంతుకు తగ్గితే వెయ్యింతలు. కోతమిషనులో ఒక షాఫ్టు దగ్గర ఆ బేరింగు మీద 140 కిలోల బరువు పడుతోందని, నిమిషానికి 500 చుట్లు తిరుగుతోందని అనుకుంటే లెక్క ప్రకారం అది 33 వేల గంటలకు పైగా రావాలి. ఏడాదికి రెండు సీజన్లు, సీజనుకు 400 గంటల పని వేసుకున్నా నలభై ఏళ్లు. యజమాని ముసలివాడయ్యేదాకా ఆ బేరింగు ఉండాలి. ఒక సీజను కూడా దాటకుండా కూతపెట్టే బేరింగు ఉందంటే దాన్ని చంపింది బరువు కాదు, తిరుగుడు కాదు. ఆ సూత్రం ఒక షరతు మీద నిలబడి ఉంది: లోపల శుభ్రమైన నూనె పొర ఉండాలి, ఇంకేదీ ఉండకూడదు. మన పొలంలో తప్పిపోయేది ఆ షరతే. నాసిరకం బేరింగుల బెడద లేదని నేననను. కానీ మంచి కంపెనీ బేరింగు వేసిన చోట కూడా అదే కూత వస్తుంటే, వెతకాల్సింది బేరింగు డబ్బా మీది పేరును కాదు.

లోపలికి చేరేది ఏమిటో కూడా చూడాలి. భువనగిరి గుట్టను ఎరిగినవాళ్లకు ఈ నేల దేంతో అయిందో వేరే చెప్పక్కర్లేదు. ఇది గ్రానైటు దేశం. వేల ఏళ్లు ఎండకూ వానకూ రాయి చిట్లి చిట్లి చల్క అయింది. గ్రానైటులో తక్కిన ఖనిజాలు కుళ్లి మట్టి అవుతాయి గానీ తెల్లని పలుగురాయి కుళ్లదు. సన్న ఇసుకగా మిగిలిపోతుంది. ఆ పలుగు రేణువు బేరింగు ఉక్కు కన్నా గట్టిది. గుండుకూ గాడికీ మధ్య నిలిచే నూనె పొర మందం మైక్రానులో కొంత భాగం, మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. మన తలవెంట్రుక 70 మైక్రాన్లు ఉంటుంది. సన్న ఒండ్రు రేణువు ఒకటి 10 మైక్రాన్లు ఉందనుకున్నా, ఆ నూనె పొరకు అది తలుపు సందులో ఇరికిన బండరాయి లాంటిది. గుండు దాని మీదుగా దొర్లిన ప్రతిసారీ గాడిలో గీత పడుతుంది. ఇందాక చెప్పిన మసక అంతా ఇలాంటి కోట్ల గీతలే. బేరింగుకు ఇసుక చేసే చెడుపు అది. నీరు చేసే చెడుపు వేరు. అది నూనె పొరను పలచబరుస్తుంది, ఉక్కును తుప్పు పట్టిస్తుంది. ఇసుక పగలు పని చేస్తుంది, నీరు రాత్రి పని చేస్తుంది.

సీలు ఉండగా నీళ్లు ఎలా దూరతాయని అడగవచ్చు. కరిగెట చేసే ట్రాక్టరును గమనించండి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు మీద వేగంగా వస్తుంది. ముందు చక్రాల హబ్బులు వేడెక్కుతాయి. వచ్చీరాగానే మడిలోకి దిగుతుంది. హబ్బు 60 డిగ్రీల్లో ఉండి, 30 డిగ్రీల నీళ్లలో మునిగిందనుకుందాం. లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, దాని ఒత్తిడి తొమ్మిది శాతం దాకా పడిపోతుంది. నీటి భాషలో చెప్పాలంటే అది తొంభై సెంటీమీటర్ల లోతు ఒత్తిడి. మడిలో నీళ్లు జానెడే ఉన్నా, ఆ హబ్బు మాత్రం నడుము లోతు నీళ్లలో మునిగినట్టు లోపలికి లాక్కుంటుంది. యాసంగి నాట్లప్పుడు పొద్దున నీళ్లు ఇంకా చల్లన, లాగుడు ఇంకా ఎక్కువ. సీలు పెదవి గట్టిగా ఉంటే కొంత ఆపుతుంది. కానీ ఆ పెదవి పక్కనే షాఫ్టుకు గడ్డిపరకలు, బస్తా కుట్టిన ప్లాస్టిక్ దారం చుట్టుకుని బిగుసుకుంటే రోజుకింత కోసేస్తాయి. బేరింగు పాడైందని చూస్తాం గానీ, దాని పక్కన పీచులా చుట్టుకున్న దారాన్ని చాలామంది చూడరు. ఒక కత్తి తీసుకుని ఆ దారం కోసి పారేయడం కూడా గ్రీజు కొట్టడంలో భాగమే. ఇన్ని రకాలుగా నీళ్లు దూరుతుంటే, లోపల గాలి ఉండాల్సిన చోటంతా గ్రీజు నిండి ఉంటే లాగుడికి చోటు తగ్గుతుంది. నీళ్లు దూరే పరిమాణమూ తగ్గుతుంది. బురదలో గ్రీజుకు ఉన్న మొదటి పని జారించడం కాదు, అడ్డంగా నిలబడటం.

ఇక్కడ బోరుబావి మోటారు గుర్తుకు రావడం సహజం. మన మెట్టల్లో ప్రతి పొలంలో ఒకటి నీళ్లలోనే ఉండి ఏళ్ల తరబడి తిరుగుతుంది కదా, దానికి లేని బాధ దీనికెందుకు అని. నీళ్లు నింపి దించే రకం సబ్‌మెర్సిబుల్ మోటారులో బేరింగులకు కందెన నీళ్లే. గుండ్లు లేని నునుపైన బేరింగులు అవి, నీటి పొర మీదే జారేలా చేసినవి. అందుకే దించే ముందు దానిలో శుభ్రమైన నీళ్లు నింపమంటారు. నీళ్లు లేక ఎండిపోయి తిరిగితే అది పాడవుతుంది. గుండ్ల బేరింగుకు అదే నీళ్లు విషం. ఒక యంత్రానికి చెల్లిన న్యాయం ఇంకో యంత్రానికి చెల్లదు.

గ్రీజు అంటే ఏమిటో కొంచెం నిలబడి చూడాలి, ఎందుకంటే ఆ కథ ఈ రెండు జిల్లాల నుంచి చాలా దూరం వెళ్లి మళ్లీ ఇక్కడికే వస్తుంది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన సామెత. ఆ కందెన ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి చేసుకున్నది. ఉత్త ఆముదం ఇరుసు మీద నిలవదు, జారిపోతుంది. మసి కలిపితే చిక్కబడి అంటుకుని ఉంటుంది. ఇవాళ్టి గ్రీజు సూత్రమూ ఇంతే. నూటికి ఎనభై తొంభై పాళ్లు నూనె, దాన్ని స్పంజిలా పట్టి ఉంచే ఒక రకం సబ్బు. ఒత్తిడి పడ్డప్పుడు నూనెను వదులుతుంది, తగ్గగానే మళ్లీ పట్టుకుంటుంది. 1940ల్లో అమెరికాలో లిథియం సబ్బుతో గ్రీజు చేయడం మొదలైంది. నీళ్లనూ వేడినీ రెండింటినీ తట్టుకుంటుంది కాబట్టి ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది. ఆ లిథియం సబ్బు తయారయ్యేది హైడ్రోజన్ పట్టించి గట్టిపరచిన ఆముదంలోంచి వచ్చే ఆమ్లంతో. ఆముదాల సాగుకు ఒకప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో పెట్టింది పేరు పాలమూరు, నల్లగొండ మెట్టలే. క్రాంతి, హరిత వంటి ఆముదం రకాలు వచ్చింది పాలమూరులోని పాలెం పరిశోధనా కేంద్రం నుంచే. ఆ మెట్టల్ని ఇప్పుడు పత్తి ఆక్రమించింది, ఆముదం చాలావరకు గుజరాత్‌కు వెళ్లిపోయింది. అయినా మీరు డబ్బా మూత తీసి వేలితో తీసే లిథియం గ్రీజులో ఆముదపు గింజ వంశం ఉంది. మన తాతలు ఇరుసుకు రాసినదాని దూరపు బంధువునే మనం గన్నుతో కొడుతున్నాం. వాళ్లు శీల తీసి, చక్రం బయటికి లాగి, తుడిచి, రాసేవాళ్లు. తుడవడం ఆ పనిలో సగం. మన గన్ను ఆ సగాన్ని మరిపించింది.

రకం విషయంలో రెండు మాటలు చాలు. డబ్బా మీద 2 అనే అంకె చిక్కదనాన్ని చెబుతుంది, మన పనులకు సాధారణంగా అదే సరిపోతుంది. రంగును చూసి రకం అనుకోవద్దు. ఎరుపు, నీలం, పచ్చ కలిపిన రంగులే తప్ప గుణాలు కావు. ఏ సబ్బుతో చేసిందో డబ్బా మీద రాసి ఉంటుంది, అది చదవాలి. కొన్ని రకాల సబ్బులు ఒకదానితో ఒకటి కలిస్తే పాలు విరిగినట్టు విరిగి, నూనె కారిపోతుంది. రకం మార్చాలంటే పాతదంతా కడిగి మార్చాలి, లేదా ఉన్నదానితోనే సాగాలి. సోడియం సబ్బు గ్రీజు నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి బురదలోకి అసలు పనికిరాదు. ఇక ఇంజనులోంచి తీసిన కాలిన ఆయిలు పోయడమనే అలవాటు ఉంది. అందులో మసి, అరిగిన లోహపు పొడి తేలుతుంటాయి. పైగా అది నిలవదు, నీళ్లను ఆపదు. బేరింగులో అది పోయడం కన్నా ఏమీ చేయకపోవడం మేలని నా అభిప్రాయం.

గ్రీజు ఎక్కువైనా ప్రమాదమే కదా, మోటారు మెకానిక్కులు మూడో వంతుకు మించి నింపొద్దంటారు కదా అని ఒక అభ్యంతరం ఉంది. అది నిజమైన అభ్యంతరం. నిమిషానికి వెయ్యి, పదిహేను వందల చుట్లు తిరిగే చోట గ్రీజు నిండా ఉంటే గుండ్లు దాన్ని చిలుకుతూనే ఉంటాయి, చిలికిన కొద్దీ వేడి. వేడి 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీలకూ గ్రీజు ఆయుష్షు సగమవుతుందని ఇంజినీర్లు వాడే ఒక మోటు లెక్క. యాసంగి కోతలు ఏప్రిల్, మే ఎండల్లో వస్తాయి. నల్లగొండ ఎండలో ఇంజను పక్కన, నూర్పిడి డ్రమ్ము చివర ఉన్న బేరింగుకు ఆ గీత దాటడం ఎంతసేపు? కాబట్టి వేగంగా తిరిగే డ్రమ్ము దగ్గర, ఫ్యాను దగ్గర రెండు మూడు పోట్లు చాలు. కానీ పట్టా కింది రోలరు వేగం అందులో చిన్న వంతు. దానికి చిలుకుడు వేడి భయం లేదు, నీళ్ల భయమే ఉంది. అక్కడ పాతది బయటికి వచ్చేదాకా కొట్టాల్సిందే. ఒకే మిషనులో ఒకే గన్నుతో ఒకచోట పిసినారిగా, ఇంకోచోట ధారాళంగా ఉండాలి. బేరింగు బ్లాకు మీద చెయ్యి వేసి చూడటం తేలికైన పరీక్ష. అయిదు సెకన్లు కూడా చెయ్యి ఆనించలేకపోతే అది 60 డిగ్రీల పైన ఉన్నట్టే. ఒక జాగ్రత్త: చేతి గన్ను ఒత్తిడి మనం అనుకునే దానికన్నా చాలా ఎక్కువ. పాత గ్రీజు బయటికి పోయే దారి లేని చోట బలంగా కొడితే సీలే ఊడి వస్తుంది. బిగువు తగిలిన చోట ఆగాలి.

రెండో అభ్యంతరం సీలు బేరింగుల గురించి. నంబరు పక్కన 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు మూత ఉన్నట్టు. జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూత. మూసేసిన దానికి మళ్లీ సేవ ఎందుకని అడుగుతారు. రేకు మూత లోపలి రింగుకు ఆనదు, సన్నని సందు ఉంటుంది. అది దుమ్ము కోసం చేసింది, బురదనీళ్ల కోసం కాదు. రబ్బరు మూత నయం, కానీ అదీ మునిగి ఉండటానికి చేసింది కాదు. ముఖ్యంగా, సాయంత్రం మిషను కడిగేటప్పుడు పైపు నోరు నొక్కి, లేదా వాటర్ సర్వీసింగు గన్నుతో తిన్నగా బేరింగు మీదికి కొడితే, రోజంతా బురద దూరలేని చోటికి మనమే నీళ్లు దూర్చినవాళ్లం అవుతాం. కడగాలి, పట్టాలో చిక్కిన మట్టి తీయాలి. కానీ బేరింగుల దగ్గర తడిగుడ్డే వాడాలి. గ్రీజు గన్ను తగిలించే నిప్పుల్ లేని బేరింగుకు మనం చేయగల సేవ ఇదే. నీళ్లు కొట్టకపోవడం, దారం కోయడం, చేత్తో తిప్పి గరగర వింటే సీజను మధ్యలో కాకుండా ముందే మార్చడం.

గ్రీజు ఉంటే దుమ్ము అంటుకుంటుందనే మాట వేరుశనగ నూర్చే చోట ఎక్కువగా వినిపిస్తుంది. అంటుకుంటుంది, అంటుకోవాలి కూడా. సీలు పెదవి చుట్టూ ఉబ్బిన గ్రీజు వలయం దుమ్మును తన మీద పట్టుకుని లోపలికి పోనివ్వదు. దాన్ని రోజూ తుడిచేస్తే కాపలావాణ్ణి పంపేసినట్టే. తుడవాల్సింది నిప్పుల్ ముక్కును. దాని మీది ఇసుకతో సహా గన్ను తగిలించి కొడితే, శత్రువును మన చేత్తోనే నేరుగా గాడిలోకి పంపినట్టు. ఒక గుడ్డ, ఒక తుడుపు. ఇంత చిన్న పనికి బేరింగు ఆయుష్షుతో ఉన్న సంబంధాన్ని ఎంత చెప్పినా తక్కువే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం తీరిక గురించి. కోతలప్పుడు మిషను కోసం పది మంది రైతులు వరుసలో ఉంటారు. ఆకాశం మబ్బేస్తుంది, కోసిన వడ్లు కల్లంలో ఉంటాయి, రాత్రి లైట్లు వేసుకుని కూడా కోస్తారు. అలాంటప్పుడు సాయంత్రం అరగంట ఎక్కడిది? ఈ బాధ నిజం. దానికి జవాబు ఇంకో లెక్కలో ఉంది. బేరింగు పగిలేది ఎప్పుడూ పొలం నడుమనే. అప్పుడు పోయేది బేరింగు ధర కాదు. లోపలి రింగు బిగుసుకుని షాఫ్టు మీద తిరిగితే షాఫ్టు అరుగుతుంది, దానికి వెల్డింగు పెట్టి లేతు మీద తిప్పాలి, అంటే పట్నం దాకా పోవాలి. ఆ రోజంతా ఆ పది మంది ఎదురుచూడాలి. ఇంకా లోతుగా చూస్తే ఇది తీరిక కరువు కాదు, ఆ పని ఎవరిదో తేలకపోవడం. మిషను యజమానిది. అది పంజాబు నుంచో తమిళనాడు నుంచో కిరాయికి వచ్చిందీ కావచ్చు. నడిపేది డ్రైవరు, గంటకింత ఇచ్చేది రైతు. కూలి మిషను తిరిగిన గంటలకే అయితే, ఆగిన అరగంటకు ఎవరూ డబ్బివ్వరు. ఆ అరగంటలో చేసే పని ఎవరి పనీ కాకుండా పోతుంది. డ్రైవర్లను నిర్లక్ష్యం అని తిట్టడం నాకు న్యాయంగా తోచదు. యజమాని ఆ అరగంటను కూడా పనిగంటగా లెక్కగట్టి కూలి ఇవ్వాలి. అవర్ మీటరు అంకె రాసుకునే పుస్తకంలోనే గ్రీజు కొట్టిన చోట్లు రాయించుకోవాలి. అప్పుడు చేసిన పని కంటికి కనిపిస్తుంది, చేసినవాడికి గౌరవమూ ఉంటుంది.

అయితే పొద్దున కొడితే ఏం పోయిందని ఇంకా అడగవచ్చు, పాత గ్రీజుతో పాటు నీళ్లు అప్పుడూ బయటికి పోతాయి కదా. పోతాయి, కానీ పన్నెండు గంటలు ఆలస్యంగా. తుప్పుకు ఆ పన్నెండు గంటలే కావాలి. పైగా చల్లబడ్డ గ్రీజు బిర్రుగా ఉంటుంది, కొత్తది దాన్ని అంతటా తోయలేక ఒక సందు చేసుకుని బయటపడుతుంది. వేడి మీద ఉన్నప్పుడు మెత్తగా కదులుతుంది. ఇదే లెక్కను రాత్రి నుంచి సీజనుకు పెంచి చూడండి. యాసంగి కోత మేలో ముగుస్తుంది. వానాకాలం వరి కోతకు వచ్చేది అక్టోబరు, నవంబరులో. ఆ నడుమ వానలన్నీ మిషను చెట్టు కిందో రేకుల కిందో నిలబడే చూస్తుంది. మేలో దూరిన నీళ్లు లోపలే ఉంటే గుండ్ల పక్కన మచ్చ పెట్టడానికి నాలుగైదు నెలలు దొరికినట్టే. దసరాకు ఆయుధపూజ చేసి, బొట్టు పెట్టి, కొత్త గ్రీజు కొట్టి పొలంలోకి దింపితే ఆ మచ్చ చెరగదు. పూజ చేసుకోండి. గ్రీజు మాత్రం మేలోనే, చివరి మడి కోసి గట్టెక్కిన సాయంత్రమే కొట్టండి. నిలబడి ఉన్న నెలల్లో కూడా నెలకోసారి పట్టాను పది అడుగులు కదిపితే గుండ్లు ఒకేచోట కూర్చోవు.

ఆ సాయంత్రం పని ఇలా ఉంటుంది. మిషను గట్టు మీదికి తెచ్చి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. పట్టా సందుల్లో మట్టి గీకాలి, షాఫ్టులకు చుట్టుకున్న దారం కోయాలి. నిప్పుల్ తుడిచి, గన్ను తగిలించి, ఒక్కో పోటూ నెమ్మదిగా కొట్టాలి. రెండు మూడు పోట్లకోసారి రోలరును కొంచెం తిప్పితే కొత్త గ్రీజు చుట్టూ సమంగా సర్దుకుంటుంది. సీలు అంచున మొదట నల్లటిది వస్తుంది, వేళ్ల మధ్య నలిపితే ఇసుక గరగరలాడుతుంది. ఆ తరవాత పలచటి మజ్జిగ రంగుది వస్తుంది, అది నీళ్లు కలిసిన గ్రీజు. అక్కడ ఆగిపోతే పని సగంలో వదిలినట్టే, ఇంకా కొట్టాలి. వచ్చింది వచ్చినట్టు పాత గుడ్డలోకి తీసుకోవాలి, మడిలో పడనివ్వద్దు, కాలువలో కడగవద్దు. మజ్జిగ రంగు తగ్గి, చారలు చారలుగా డబ్బాలోని రంగు కనిపిస్తుంది. చారలు కలిసి ఒకే రంగు అయ్యాక, అంచు చుట్టూ ఉంగరంలా నిలిచినదాన్ని అలాగే వదిలేసి పక్క రోలరుకు జరగాలి.